దేవుడి తరఫున కేసు ఎవరు పెడతారు?

యానాం నుంచి ఎదుర్లంకకు ఇప్పుడు వారధి మీద కొద్ది నిమిషాల ప్రయాణం. 1954కు ముందైతే అది ఒక రాజ్యం నుంచి ఇంకో రాజ్యానికి పోవడం. గౌతమికి ఇటు కోనసీమలో ఇంగ్లీషువాళ్ల పీనల్ కోడు, అటు యానాంలో ఫ్రెంచివాళ్ల చట్టం. ఈ తేడాను డెల్టా జనం బాగానే వాడుకున్నారు. 1929లో శారదా చట్టం వచ్చి బాల్యవివాహం నేరమయ్యాక, పిల్లలకు పెళ్లి చేయక తప్పదనుకున్న పెద్దలు యానాం వెళ్లి ముహూర్తాలు కానిచ్చుకొచ్చారు. ఆ ఊరికి కల్యాణపురం అని పేరే పడిపోయింది.

అదే కాలంలో ఇంకో తేడా కూడా ఉండేది. దాని కోసం ఏరు దాటాలని మాత్రం ఎవరికీ తోచినట్టు లేదు. 1881 జులై 29న ఫ్రాన్స్ చేసిన పత్రికా స్వేచ్ఛ చట్టం, మతాన్ని అవమానించడమనే నేరాన్ని తీసిపారేసింది. ఆ చట్టం వలస ప్రాంతాలకూ వర్తిస్తుందని అందులోనే రాసుకున్నారు. ఇటు ఒడ్డున 1927 నుంచి మతనిందకు రెండేళ్ల దాకా జైలు. అంటే, మతాన్ని కించపరిచిందని అమలాపురంలో పట్టుకోగల కరపత్రాన్ని, ఆ ఒక్క కారణంతో యానాంలో పట్టుకోవడానికి చట్టం లేదు.

రెండు ఒడ్డుల్లోనూ ఒకటే జనం, ఒకటే దేవుళ్లు. చట్టం కాపాడేది దేవుణ్ణే అయితే ఏరు దాటగానే ఆయనకు కాపలా ఎందుకు పోయినట్టు? అందుకే ఈ చట్టాలను చదివేటప్పుడు ముందు చూడాల్సింది శిక్ష ఎంత అన్నది కాదు. దెబ్బ తగిలింది ఎవరికి అని ఆ చట్టం అనుకుంటోంది? అది తేలితే మిగతా చిక్కు చాలావరకు విడుతుంది.

పాతకాలంలో జవాబు సూటిగా ఉండేది. దెబ్బ తగిలింది దేవుడికి, ఆయన పేరు మీద నడిచే రాజ్యానికి. 1766లో ఫ్రాన్స్‌లో లా బార్ అనే యువకుణ్ణి చంపించిన ఆరోపణల్లో ఒకటి, మతపరమైన ఊరేగింపు వెళ్తుంటే టోపీ తీయకపోవడం. పాతికేళ్లు తిరిగేసరికి విప్లవం వచ్చింది, 1791 శిక్షాస్మృతిలో దైవదూషణ అనే నేరమే లేకుండా పోయింది. ఇంగ్లండ్ అంత తొందరగా వదల్లేదు. 1676లో టేలర్ అనే అతని కేసులో ప్రధాన న్యాయమూర్తి మాథ్యూ హేల్, క్రైస్తవం దేశ చట్టంలో భాగమనీ, దాన్ని తిడితే రాజ్యాన్ని తిట్టినట్టేననీ తేల్చాడు. ఆ నేరం కింద అక్కడ చివరిసారిగా జైలుకెళ్లినవాడు జాన్ విలియం గాట్. 1921లో అతనికి పడింది తొమ్మిది నెలల కఠిన శిక్ష. రచయిత సల్మాన్ రష్దీ నవల మీద ముస్లింలు ఇదే చట్టం పట్టుకుని కోర్టుకెళ్తే, ఈ కాపలా క్రైస్తవానికే తప్ప మిగతా మతాలకు లేదని చెప్పి పంపేశారు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2008లో ఆ నేరాన్ని రద్దు చేశారు.

తన ఇంట్లో ఒక్క మతానికే కాపలా కాసిన ఇంగ్లీషువాడు ఇండియాలో అలా కాయలేడు. ఏలుతున్నది వేరే మతాలవాళ్లను. మెకాలే 1837లో తయారుచేసిన పీనల్ కోడు ముసాయిదాలో దేవుడి మాటే రాలేదు. ఎవరి మతం వాళ్లు ఆచరించుకోవచ్చు, ఎదుటివాడి మతాన్ని అవమానించకూడదు, అంతే. ఏ మతం నిజమో సర్కారు తేల్చదు, అన్ని మతాల మనుషుల మనసులకూ కాపలా కాస్తుంది. అంతకు ముందు ఏడాదే, 1836లో, బౌడెన్, బీర్ అనే ఇద్దరు ఇంగ్లీషు మిషనరీలు నరసాపురం చేరి గోదావరి డెల్టా మిషన్ మొదలుపెట్టారు. విగ్రహారాధన తప్పని చెప్పడం వాళ్ల ప్రచారంలో భాగం. అలాంటి బోధ నేరం కాకుండా ఉండాలి, కావాలని చేసే అవమానం మాత్రం నేరం కావాలి. 1860 పీనల్ కోడులోని 298వ సెక్షన్‌లో ‘ఉద్దేశపూర్వకంగా’ అన్న షరతు చేసే పని అదే. పైగా అది నోటి మాటకూ సైగకూ సంబంధించిన సెక్షన్. అచ్చు కాగితం జోలికి అది పోలేదు.

ఆ ఖాళీ లాహోర్‌లో బయటపడింది. 1924లో అక్కడ మహమ్మద్ ప్రవక్త వ్యక్తిగత జీవితాన్ని హేళన చేస్తూ ఒక కరపత్రం వచ్చింది. రాసినవాడి పేరు లేదు. ప్రచురించిన రాజ్‌పాల్ మీద, వర్గాల మధ్య వైరం పెంచాడంటూ 153ఎ కింద కేసు కట్టారు. కింది కోర్టుల్లో శిక్ష పడింది కానీ 1927 మేలో లాహోర్ హైకోర్టు న్యాయమూర్తి దలీప్ సింగ్ వదిలేశారు. కరపత్రం నీచంగానే ఉంది, కానీ చనిపోయిన మతగురువును విమర్శించడం ఈ సెక్షన్ కిందికి రాదు అన్నారు. వీధులు భగ్గుమన్నాయి. ఇక్కడ చాలామంది దాటేసే సంగతి ఒకటుంది: కొద్ది నెలల్లోనే ఇంకో పత్రిక కేసులో అదే హైకోర్టు అదే 153ఎ కింద శిక్ష ఖాయం చేసింది. అంటే ఉన్న చట్టమే సరిపోతుందని కోర్టే చూపించింది. అయినా ప్రభుత్వం ఆగలేదు. 1927 సెప్టెంబరులో, మతాన్ని అవమానించడమే నేరంగా చేసే 295ఎ సెక్షన్ పుట్టింది.

అది పుట్టేటప్పుడు జరిగిన చర్చ ఇప్పుడు చదివినా పనికొస్తుంది. బిల్లును పరిశీలించిన సెలెక్ట్ కమిటీకి ఒక భయం పట్టుకుంది. సమాజాన్ని సంస్కరించాలని మంచి మనసుతో మతాచారాన్ని దుయ్యబట్టే రచయిత కూడా దీనికి దొరికిపోతే? నిజాయితీగా విమర్శించేవాళ్లకు, చరిత్ర పరిశోధకులకు రక్షణ ఉండాలని జిన్నా కూడా పట్టుబట్టారు. అందుకే ‘ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో’ అనే రెండు షరతులూ కలిసి ఉంటేనే నేరమని రాశారు. అప్పటికి ఎనిమిదేళ్ల ముందే పోయిన కందుకూరి వీరేశలింగాన్ని తలుచుకుంటే ఈ రెండు మాటల విలువ తెలుస్తుంది. 1881లో రాజమండ్రిలో వితంతు వివాహం చేయించిన ఆ మనిషి, పత్రికలో, ప్రహసనాల్లో పురోహితులనూ ఆచారాలనూ ఎంత వెక్కిరించాడో లెక్కలేదు. నొచ్చుకున్నవాళ్లు ఊరినిండా ఉన్నారు. నొచ్చుకోవడమే కొలత అయితే ఆయన జీవితమంతా సెంట్రల్ జైల్లో గడవాల్సింది.

చట్టం అక్కర్లేకుండానే శిక్ష వేసే దారులూ ఉన్నాయనుకోండి. నాస్తికుడు గోరాను 1933లో కాకినాడ పీఆర్ కళాశాల ఉద్యోగం నుంచి తీసేసింది. ఏ సెక్షనూ పెట్టలేదు. దేవుడు లేడన్నాడు, కొలువు పోయింది.

ఉద్దేశం అనే కొలత మన భక్తి సంప్రదాయానికీ కొత్త కాదు. తెలుగు శతకాల్లో నిందాస్తుతి ఒక దారి. గోపన్న జైల్లో కూర్చుని భద్రాద్రి రాముణ్ణి నిలదీసి అడిగాడు, నగల లెక్కలు చెప్పమన్నాడు. అదే మాట భక్తుడు కానివాడు అంటే తిట్టు. మాట ఒక్కటే, తేడా అన్నవాడి మనసులో. ఆ మనసులోకి తొంగిచూసే పనిని 295ఎ ఎస్సైకి అప్పగించింది.

లాహోర్ కథ చట్టంతో ఆగలేదు. 1929 ఏప్రిల్‌లో ఇల్ముద్దీన్ అనే యువకుడు రాజ్‌పాల్‌ను పొడిచి చంపాడు. అప్పీలులో అతని తరఫున వాదించింది జిన్నాయే. 1929 అక్టోబరు 31న ఇల్ముద్దీన్‌ను ఉరి తీశారు. మనసులను చల్లార్చడానికి తెచ్చిన చట్టం ఏడాదిన్నర తిరిగేసరికి రాజ్‌పాల్‌ను కాపాడలేకపోయింది.

తర్వాత దేశాలు విడిపోయాయి. ఒకే నారుమడిలోంచి తీసిన నారును మూడు చేలల్లో ఊడ్చినట్టు, 295ఎ బర్మాలో, పాకిస్తాన్‌లో, ఇండియాలో మూడు రకాలుగా ఎదిగింది. కోరంగి రేవు నుంచి పడవెక్కి రంగూన్ వెళ్లిన మన గోదావరి జిల్లాల కూలీలకు అప్పట్లో అది పరాయి దేశం కాదు. 1937 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగమే. విడిపోయినా సెక్షన్ నంబరు కూడా మారకుండా అక్కడే ఉండిపోయింది. 2014 డిసెంబరులో రంగూన్‌లో ఒక బారు యాజమాన్యం, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టిన బుద్ధుడి బొమ్మతో ప్రచారం చేసింది. గొడవ రేగగానే బొమ్మ తీసేశారు, క్షమించమని అడిగారు. అయినా 2015 మార్చిలో మేనేజరుగా ఉన్న న్యూజిలాండ్ దేశస్థుడికీ మరో ఇద్దరికీ రెండున్నరేళ్ల కఠిన శిక్ష పడింది. దురుద్దేశం ఎక్కడుందో ఆ తీర్పు వేసినవాళ్లకే తెలియాలి.

పాకిస్తాన్ ఇంకా ముందుకెళ్లింది. సైనిక పాలకుడు జియా ఉల్ హక్ కాలంలో ఒక్కో సెక్షనూ వచ్చి చేరింది. 1982లో 295బి, ఖురాన్‌ను అపవిత్రం చేస్తే యావజ్జీవం. 1984లో, పాకిస్తాన్ ముస్లింలుగా ఒప్పుకోని అహ్మదీ శాఖవాళ్లు తమను ముస్లింలమని చెప్పుకోవడమే నేరం చేసే 298బి, సి. 1986లో 295సి, ప్రవక్తను కించపరిస్తే మరణశిక్ష లేదా యావజ్జీవం. మన కళ్లకు ముందు కనపడేది మరణశిక్ష. లాయరు కళ్లకు కనపడేది వేరు: 295సిలో ‘దురుద్దేశంతో’ అన్న మాట లేదు. సూటిగా కాకపోయినా, డొంకతిరుగుడుగా అన్నా చాలు. 1927లో సంస్కర్త కోసం తెరిచిపెట్టిన తలుపును 1986లో మూసేశారు.

ఆ తలుపు మూసుకుంటే ఏం జరుగుతుందో ఆసియా బీబీ కేసు చెబుతుంది. 2009లో పొలంలో పండ్లు కోస్తూ, ఆ క్రైస్తవ కూలీ ముట్టుకున్న నీళ్లు తాము తాగబోమని తోటి కూలీలు అన్నారు. మాటా మాటా పెరిగింది. కొన్నాళ్లకు ప్రవక్తను తిట్టిందని ఫిర్యాదు వచ్చింది. ముట్టుకుంటే నీళ్లు మైలపడతాయనే తగాదా మన పల్లెల్లో ఎవరికీ వివరించి చెప్పక్కర్లేదు. 2010లో ఆమెకు మరణశిక్ష పడింది. ఆమె పక్షాన మాట్లాడిన పంజాబ్ గవర్నర్ సల్మాన్ తాసీర్‌ను 2011 జనవరి 4న ఆయన అంగరక్షకుడే కాల్చి చంపాడు. రెండు నెలలకు మంత్రి షహబాజ్ భట్టీని చంపారు. 2018 అక్టోబరు 31న, అంటే ఇల్ముద్దీన్‌ను ఉరితీసిన తేదీనే, సుప్రీంకోర్టు సాక్ష్యాలు నిలవవని ఆమెను విడిచిపెట్టింది. ఈ నేరానికి పాకిస్తాన్ ప్రభుత్వం ఇంతవరకు ఎవరినీ ఉరితీయలేదు. చంపుతున్నది గుంపులూ ఒంటరి హంతకులూను.

ఇండియా ఆ రెండు షరతులనూ నిలుపుకుంది. 1961లో శిక్షను రెండేళ్ల నుంచి మూడేళ్లకు పెంచారు. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో దాని నంబరు 299. సుప్రీంకోర్టు 1957లో, ఒక గోరక్షణ పత్రిక సంపాదకుడు రామ్‌జీలాల్ మోదీ కేసులో, దీన్ని సమర్థించింది. పొరపాటున జారిన మాటకు ఇది వర్తించదు, కావాలని చేసే అవమానం శాంతిభద్రతలను చెడగొట్టే స్వభావంతో ఉంటుంది కాబట్టి రాజ్యాంగం ఒప్పుకుంటుంది అని. గమనించారా, ఇక్కడికొచ్చేసరికి దెబ్బ తగిలేది దేవుడికీ కాదు, భక్తుడికీ కాదు. శాంతిభద్రతలకు.

తర్కంగా ఇది ముచ్చటగానే ఉంది. ఆచరణలోకి వచ్చేసరికి తలకిందులవుతుంది. శాంతి చెడుతుందా లేదా అన్నది అన్న మాటను బట్టి తేలదు, విన్నవాళ్లు ఏం చేస్తారన్నదాన్ని బట్టి తేలుతుంది. ఊరుకుండిపోయే మతస్థుల దేవుణ్ణి ఏమన్నా కేసు ఉండదు. రోడ్డెక్కేవాళ్ల దేవుణ్ణి అంటే ఉంటుంది. 1989లో రంగరాజన్ కేసులో సుప్రీంకోర్టు దీనికి గట్టి జవాబే చెప్పింది. ధర్నాలు చేస్తారనో దాడులు చేస్తారనో భయపడి భావ ప్రకటనను ఆపకూడదు, గుంపును అదుపు చేయడమే ప్రభుత్వం పని అని. ఆ తీర్పు న్యాయ కళాశాలల దాకా వెళ్లింది, స్టేషన్ దాకా రాలేదు.

స్టేషన్‌లో ఏం జరుగుతుందంటే, వాట్సాప్ స్టేటస్ ఒకటి స్క్రీన్‌షాట్ అవుతుంది. మనోభావాలు దెబ్బతిన్నాయంటూ నాయకుల్ని వెంటబెట్టుకుని జనం వస్తారు. ఎస్సై ముందు రెండు దారులుంటాయి. నోటి మాటకు వర్తించే పాత 298, ఇప్పటి 302 పెడితే ఏడాది దాకా శిక్ష, బెయిలు వచ్చే కేసు, మేజిస్ట్రేటు చెప్పకుండా దర్యాప్తు కూడా చేయలేరు. 299 పెడితే బెయిలు హక్కుగా రాదు, వారంటు లేకుండానే అరెస్టు చేయొచ్చు. బయట జనం ఎంతమంది ఉంటే సెక్షన్ అంత బరువెక్కుతుంది. ఇందులో ఇంకో మెలిక ఉంది. 299 కింద కోర్టు కేసును విచారణకు తీసుకోవాలంటే ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. అరెస్టుకు మాత్రం అక్కర్లేదు. అనుమతి వచ్చేదాకా, అసలు వస్తుందో రాదో తేలేదాకా, రిమాండూ, వాయిదాలూ, ఊళ్లో తలెత్తుకోలేకపోవడమూ నడుస్తూనే ఉంటాయి. చాలామంది అక్కడిదాకా రానివ్వకుండా చేతులు జోడించి సారీ వీడియో పెట్టేసి పెద్దమనుషుల చేత రాజీ చేయించుకుంటారు. తప్పు చేశారా లేదా అని ఎవరూ అడగరు.

పేరూ పరపతీ ఉన్నవాళ్లకైతే తీర్పు దొరుకుతుంది. క్రికెటర్ ధోనీని విష్ణువు వేషంలో చూపించిన 2013 నాటి పత్రిక ముఖచిత్రం మీద అనంతపురంలో కేసు పడి, నాన్ బెయిలబుల్ వారంటు దాకా వెళ్లింది. 2017 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది, దురుద్దేశం లేని చోట 295ఎ లేదని. నాలుగేళ్లు పట్టింది, అదీ ధోనీకి.

కేసు కూడా పెట్టకుండా పని కానిచ్చుకునే పద్ధతి 2018 జులైలో హైదరాబాద్‌లో చూశాం. రాముడి మీద టీవీలో మాట్లాడినందుకు సినీ విమర్శకుడు కత్తి మహేశ్‌ను ఆరు నెలలు నగరం విడిచిపొమ్మన్నారు. ఒకట్రెండు రోజుల తేడాతో, ఆయన మాటల మీద యాత్ర తలపెట్టిన కాకినాడ శ్రీపీఠం స్వామి పరిపూర్ణానందనూ అలాగే బహిష్కరించారు. అన్నవాణ్ణీ నొచ్చుకున్నవాణ్ణీ ఇద్దర్నీ సాగనంపారు. పోలీసుల దృష్టిలో మతనింద అనేది ఉద్దేశానికి సంబంధించిన ప్రశ్నే కాదని ఇంతకంటే బాగా ఎవరు చూపించగలరు?

మాటకూ వస్తువుకూ తేడా కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 2020 సెప్టెంబరు 5 అర్ధరాత్రి అంతర్వేదిలో లక్ష్మీనరసింహస్వామి రథం కాలిపోయింది. ఎలా కాలిందో తేలకముందే నిరసనకొచ్చినవాళ్లలో కొందరు అక్కడి చర్చి మీద రాళ్లు రువ్వారు. ప్రభుత్వం దర్యాప్తును సీబీఐకి అప్పగిస్తామంది. 2021 ఫిబ్రవరికి కొత్త రథం కదిలింది. రథాన్ని కాల్చడమైనా, చర్చి అద్దాలు పగలగొట్టడమైనా పాత 295 కిందికి వచ్చే నేరం. ఇంకొకరి పవిత్ర వస్తువును పాడుచేసే హక్కు ఎవరికీ లేదు, ఇందులో భావ ప్రకటన ఊసే రాదు. మన చర్చల్లో ఈ రెంటినీ ఒక గాటన కట్టేయడం వల్ల, మాట అన్నవాడు కూడా రథం కాల్చినవాడిలా కనపడతాడు.

గుంపును లెక్కపెట్టే జబ్బు మన ఒక్కరిదే అనుకోకండి. ఐర్లండ్ 2009లో కొత్తగా చట్టం చేసుకుంది, 25,000 యూరోల దాకా జరిమానా. షరతు ఏమిటంటే, ఆ మతస్థుల్లో గణనీయమైన సంఖ్యలో జనం ఆగ్రహించి ఉండాలి. నటుడు స్టీఫెన్ ఫ్రై 2015లో టీవీలో దేవుణ్ణి తూర్పారబట్టాడని ఒకాయన ఫిర్యాదు చేస్తే, పోలీసులు విచారించి 2017లో వదిలేశారు. కోపం వచ్చినవాళ్లు తగినంతమంది దొరకలేదట. 2018లో రిఫరెండం పెట్టి దాదాపు 65 శాతం ఓట్లతో ఆ నేరాన్ని రాజ్యాంగం నుంచి తీసేశారు. అమెరికాలో ఈ గొడవే లేదు. 1952లోనే అక్కడి సుప్రీంకోర్టు, మతాలకు నచ్చని అభిప్రాయాల నుంచి వాటిని కాపాడటం ప్రభుత్వం పని కాదంది.

డెన్మార్క్ మాత్రం వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చింది. 2017లో దైవదూషణ చట్టాన్ని రద్దు చేసింది. తర్వాత ఖురాన్ ప్రతులను వీధుల్లో తగలబెట్టడం మొదలై, ముస్లిం దేశాలతో చిక్కులు వచ్చాయి. 2023 డిసెంబరులో, గుర్తింపు పొందిన మతాల పవిత్ర గ్రంథాలను బహిరంగంగా అవమానిస్తే రెండేళ్ల దాకా జైలని కొత్త చట్టం చేసింది. వలసవచ్చిన మైనారిటీని బెదిరించడానికి చేసే పని కాబట్టి ఆపాలన్నది ఒక వాదన. అందులో నిజం ఉంది. అయితే కోనసీమలో కూర్చుని ఆ చట్టం చదివితే ఇంకో మంట గుర్తుకొస్తుంది. 1927 డిసెంబరు 25న, 295ఎ వచ్చిన సుమారు మూడు నెలలకే, మహారాష్ట్రలోని మహాడ్‌లో అంబేద్కర్, ఆయన సహచరులు మనుస్మృతిని తగలబెట్టారు. అదీ పవిత్ర గ్రంథమే, అదీ బహిరంగంగానే. ఆ పుస్తకం ఎవరిని తొక్కి పెట్టిందో వాళ్లే దాన్ని కాల్చారు. ‘గ్రంథాన్ని కాల్చడం’ అని మాత్రమే రాసుకున్న చట్టానికి ఈ రెండు మంటలకూ తేడా తెలియదు.

డెల్టా పల్లెల్లో ఇప్పుడు దేవుడి విగ్రహం కంటే అంబేద్కర్ విగ్రహం మీద చేయి పడితేనే ఊరు తొందరగా అట్టుడుకుతుంది. జిల్లాకు ఆయన పేరు పెడితే 2022 మే 24న అమలాపురంలో మంత్రి ఇల్లు తగలబడింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ ఈ గాయాన్ని గుర్తించింది. దళితులు, ఆదివాసీలు గౌరవించే విగ్రహాన్నో చిత్రపటాన్నో ధ్వంసం చేసినా, అపవిత్రం చేసినా నేరమే. అంతవరకు నాకు పేచీ లేదు, చెప్పుల దండ వేయడం అభిప్రాయం కాదు, మనుషులను హద్దులో ఉండమని బెదిరించడం. ఆ పక్కనే ఇంకో క్లాజు ఉంది: వాళ్లు గౌరవించే, చనిపోయిన వ్యక్తిని మాటతోగానీ రాతతోగానీ అగౌరవపరచడం కూడా నేరమే. అక్కడ ‘దురుద్దేశంతో’ అన్న షరతు కనపడదు. అంబేద్కర్ ఆర్థిక ఆలోచనల మీద ఘాటుగా రాసిన వ్యాసాన్ని దీనికిందికి లాగాలనుకునేవాడికి అడ్డం ఏముంది? ముందస్తు బెయిలు కూడా సులువుగా దొరకని చట్టం అది.

ఇన్ని చెప్పినా ఆ క్లాజును 295సితో సమానం చేయడానికి నాకు మనసొప్పదు. ఈ చట్టం కింద నిందితుడు దళితుడో ఆదివాసో కాకూడదు. అంబేద్కర్‌ను ఎంత కటువుగా విమర్శించినా ఒక దళిత రచయిత మీద ఈ కేసు నిలవదు. పాకిస్తాన్‌లోని 298సి కూడా మాట్లాడేవాడు ఎవరో చూసి నేరమా కాదా తేలుస్తుంది. నేను ముస్లింనని పొరుగువాడు అంటే ఏమీ కాదు, అదే మాట అహ్మదీ అంటే మూడేళ్ల జైలు. మన 299 ఆ సంగతే చూడదు. మనుస్మృతి కాల్చినవాడైనా, చర్చి ముందు నిలబడి క్రీస్తును తిట్టినవాడైనా దానికి ఒక్కటే. ఇద్దరిలో ఎవరి మీద కేసు కట్టాలో ఆ సాయంత్రం స్టేషన్ ముందు చేరినవాళ్లు చెబుతారు.